ముందు సున్నా తిప్పండి

రేడియోలు, గడియారాలు, టేప్‌రికార్డర్లు బాగుచేసేవాళ్ల బల్ల మీదికి అప్పుడప్పుడూ ఒక నల్లటి డయల్ ఫోన్ వచ్చి కూర్చుంటుంది. అటక మీద దొరికింది, తాతగారిదని ఒకరు తెస్తారు. కేఫ్‌లో కౌంటర్ పక్కన పెడతామని ఇంకొకరు తెస్తారు. 1970ల నాటి కథ తీస్తున్నామంటూ సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంట్ కుర్రాడు ఒకేసారి మూడు తెచ్చి, రేపు పొద్దునకల్లా కావాలంటాడు. అందరూ చెప్పేది ఒకటే: "డయల్ సరిగ్గా తిరగట్లేదండీ." వాళ్లకు కావలసిన పని మాత్రం ఒకటి కాదు.

సినిమావాళ్ల డయల్ కెమెరా ముందు గిర్రున వెనక్కి వస్తే చాలు, నంబరు కలవాల్సిన పని లేదు. కేఫ్‌వాళ్లకు దుమ్ము దులిపి, మెరుగుపెట్టి ఇస్తే సంతోషం. తాతగారి ఫోన్ తెచ్చినాయన మాత్రం దాంతోనే మాట్లాడాలంటాడు. అందుకని స్క్రూడ్రైవర్ అందుకునే ముందు "దీన్ని ఏం చేసుకుంటారండీ?" అని అడగండి. డయల్‌ను ఎంతవరకు విప్పాలో ఆ జవాబును బట్టే ఉంటుంది. ఈ పని కొత్తగా పట్టుకున్నవాళ్లు డయళ్లను చెడగొట్టేది చాలావరకు విప్పనక్కర్లేనిది విప్పడంవల్లే. కాబట్టి నేను చెప్పబోయేదాంట్లో సగం "ఇక్కడ చెయ్యి పెట్టొద్దు" అనే ఉంటుంది.

డయల్‌ను చాలామంది స్విచ్చనుకుంటారు. అది చిన్న గడియారం. వేలు పెట్టి తిప్పినప్పుడు లోపలి స్ప్రింగుకు కీ ఇచ్చినట్టవుతుంది, అంతే. వేలు తీశాక, డయల్ వెనక్కి వచ్చేటప్పుడు అసలు పని మొదలవుతుంది. సన్నటి రేకుల కొనల మీద ఉన్న రెండు కాంటాక్టులు మామూలుగా అతుక్కునే ఉంటాయి. లైన్ కరెంటు వాటిగుండానే పోతుంది. డయల్ వెనక్కి తిరిగేకొద్దీ లోపలి చక్రమొకటి ఆ రేకులను విడదీసి వదులుతూ ఉంటుంది. ఒకటి తిప్పితే ఒకసారి, ఏడు తిప్పితే ఏడుసార్లు, సున్నా తిప్పితే పదిసార్లు. లైను ఎన్నిసార్లు తెగిందన్నదే ఎక్స్ఛేంజి లెక్కపెట్టుకుంటుంది. అమెరికాలో అంత్యక్రియల ఏర్పాట్లు చూసే వృత్తిలో ఉన్న ఆల్మన్ స్ట్రౌజర్ 1891లో పేటెంటు తీసుకున్న ఆటోమేటిక్ ఎక్స్ఛేంజి వంశంలో ఒక్కో పల్సుకు ఒక్కో మెట్టు చొప్పున లోపలి యంత్రం కదిలేది. డయల్ తడబడితే అక్కడ మెట్టు తప్పేది, ఫోను ఇంకెవరింట్లోనో మోగేది.

సెకనుకు పది పల్సులు. ఇదీ ప్రమాణం. అంటే ఒక్కోదానికి 100 మిల్లీసెకన్లు. మన ఫోన్లలో అందులో మూడింట రెండొంతులు, సుమారు 67 మిల్లీసెకన్లు, లైను తెగి ఉండాలి. మిగతా 33 అతుక్కుని ఉండాలి. ఇది బ్రిటిష్ పద్ధతి. బెంగళూరులో 1948లో మొదలైన ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్, అదే మన ఐటీఐ, లివర్‌పూల్‌కు చెందిన ఆటోమేటిక్ టెలిఫోన్ అండ్ ఎలక్ట్రిక్ కంపెనీ సాంకేతిక సాయంతో నడక నేర్చింది కాబట్టి మన ఇళ్లలోని ఫోన్లకు ఆ పోలిక వచ్చింది. ఎవరైనా అమెరికా నుంచి మోసుకొచ్చిన వెస్టర్న్ ఎలక్ట్రిక్ ఫోన్ మీ చేతికిస్తే, అక్కడ తెగి ఉండే వాటా ఇంకాస్త తక్కువ, 60 శాతం చుట్టూ ఉంటుంది. ఈ తేడా తెలియకపోతే బాగున్న డయల్‌కే వైద్యం మొదలుపెడతారు.

వేగాన్ని పట్టి ఉంచేది గవర్నర్. వెనకవైపు చిన్న గిన్నెలాంటి భాగం కనిపిస్తుంది, దాని లోపల రెండు బుల్లి బరువులుంటాయి. వేగం పెరిగితే అవి విచ్చుకుని గిన్నె గోడను రాసుకుంటాయి. ఆ రాపిడే బ్రేకు. వేలితో ముందుకు తిప్పేటప్పుడు చాలా డయళ్లలో గవర్నర్ కదలదు, వెనక్కి వచ్చేటప్పుడే తిరుగుతుంది. ఇవికాక ఆఫ్-నార్మల్ కాంటాక్టులని ఇంకో జత ఉంటుంది. డయల్ కదలగానే అవి మూసుకుని, పల్సుల టకటకలు చెవిలో పడకుండా చూస్తాయి. డయల్ ఇంటికి చేరగానే విడిపోతాయి. ఇవి మురికి పట్టి అతుక్కుపోతే ఫోను మూగపోయినట్టుంటుంది. కస్టమర్ "రిసీవర్ పోయిందండీ" అంటాడు, మీరు రిసీవర్ మార్చి కూర్చుంటారు.

ఇక ఫోను విప్పకముందే చేయాల్సిన పరీక్షలు.

ముందు సున్నా తిప్పి వదలండి. మధ్యలో ఆగకుండా, వేగం మారకుండా ఒకే గొంతుతో వెనక్కి రావాలి. మొత్తం సమయం ఒక సెకను కంటే కొంచెం ఎక్కువ పడుతుంది, ఎందుకంటే పది పల్సులతోపాటు పల్సులు లేని ఖాళీ నడక కూడా కాస్త ఉంటుంది. ఒక అంకెకూ తర్వాతి అంకెకూ మధ్య ఎక్స్ఛేంజికి ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వడానికే ఆ ఏర్పాటు. సగంలో ఆగి, తడితే కదిలిందంటే ఎండిన గ్రీజో, దుమ్మో. ఎప్పుడూ ఒకే అంకె దగ్గర ఆగుతుంటే వేలు పెట్టి తిప్పే ప్లేటు వంగి ఎక్కడో రాసుకుంటోందేమో చూడండి. గిర్రుమని మరీ తొందరగా వచ్చేస్తే గవర్నర్‌లో నూనె పడిందని అనుమానించండి. ఎవరో ఇంట్లో కుట్టుమిషన్ నూనె పోసి ఉంటారు.

రెండోది, ఫోన్ల పని చేసేవాళ్లలో కూడా కొందరు మరిచిపోయే పరీక్ష. ఫోనును లైనుకు తగిలించి, డయల్ టోన్ వస్తుండగా క్రేడిల్ బటన్‌ను గబగబా నాలుగైదుసార్లు తట్టండి. టోన్ ఆగిపోతే ఆ లైను పల్సులను అర్థం చేసుకుంటున్నట్టు. ఆగకపోతే డయల్‌ను ఎంత తోమినా లాభం లేదు, లోపం అవతల ఉంది. ఒకప్పుడు ఖర్చుకు భయపడి ఇంటి పెద్దలు డయల్ రంధ్రానికి బుల్లి తాళం వేసి పోయేవాళ్లు కదా. పిల్లలు ఇదే కిటుకుతో, క్రేడిల్ తట్టి నంబరు కలుపుకునేవాళ్లు. ఆ తాళంతో సహా ఫోను మీ దగ్గరికి వచ్చి, తాళంచెవి లేదంటే రంపం తీయకండి. ప్లేటు మీద గీత పడితే మళ్లీ పోదు. డయల్ నడుమ భాగానికి తాళం అడ్డం రాకపోతే ప్లేటును తాళంతోనే ఊడదీసి, వెనకనుంచి తీరిగ్గా పని పట్టవచ్చు.

ఇప్పుడు విప్పడం. మొదట లైను తీసేయండి. ఫోన్ లైన్లో మామూలుగా 48 వోల్టుల చుట్టుపక్కల డీసీ ఉంటుంది. అదేమంత కాదుగానీ, మీ వేళ్లు లోపల ఉన్నప్పుడు ఎవరైనా ఫోన్ చేస్తే గంట మోగించే ఏసీ 70 వోల్టులు దాటి వస్తుంది, చెయ్యి జివ్వుమంటుంది. తర్వాత బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, అంచులున్న పళ్లెం ఒకటి పెట్టుకోండి. ఫోను పైకప్పు తీయగానే ఫోటో తీయండి. డయల్ నుంచి వచ్చే తీగల రంగులు, అవి ఏ స్క్రూ కింద ఉన్నాయో స్పష్టంగా కనిపించాలి. ఆ రంగుల వరస ఇంటర్నెట్‌లో దొరుకుతుందిలే అనుకోవద్దు. మీ బల్ల మీదున్న ఫోనును ముప్పై ఏళ్లలో ఎందరు లైన్‌మన్లు ఎలా మార్చారో ఇంటర్నెట్‌కు తెలియదు.

డయల్ ముందువైపు నడుమ పారదర్శకమైన మూత, దాని కింద గుండ్రటి చీటీ ఉంటాయి. ఆ చీటీ మీద ఇంటి ఫోన్ నంబరు సిరాతో రాసి ఉంటుంది, కొన్నిసార్లు అయిదంకెలదో ఆరంకెలదో. స్పిరిట్ చుక్క పడితే ఆ రాత పోతుంది. తాతగారి చేతిరాత పోయాక డయల్ ఎంత నున్నగా తిరిగినా ఆ కస్టమర్ మళ్లీ రాడు. అందుకని చీటీని ముందే తీసి కవర్లో పెట్టి, కవరు మీద కస్టమర్ పేరు రాయండి.

చీటీ కింద చాలా బ్రిటిష్ తరహా డయళ్లలో స్క్రూ ఉంటుంది. వెస్టర్న్ ఎలక్ట్రిక్ 500 లాంటివాటిలో స్క్రూ కోసం తవ్వకండి. ప్లేటు మీద చిన్న రంధ్రం కనిపిస్తుంది, అందులో పేపర్ క్లిప్ కొన దూర్చి లోపలి పట్టును నొక్కితే ప్లేటు విడివడుతుంది. ఏ రకమైనా సరే, ప్లేటు ఊడదీసేటప్పుడు రెండో చేత్తో దాన్ని గట్టిగా పట్టుకోండి. ఎక్కువ డయళ్లలో ప్లేటు తీసినా స్ప్రింగు లోపలి ఆధారం మీద ఆగి ఉంటుంది. కొన్నింట్లో ఆగదు, ఒక్కసారిగా విప్పుకుంటుంది. కదులుతున్నట్టు అనిపిస్తే చుట్లు లెక్కపెడుతూ నెమ్మదిగా వదలండి, ఆ అంకెను కాగితం మీద రాసుకోండి. తిరిగి బిగించేటప్పుడు అన్ని చుట్లే ఇవ్వాలి. ప్లేటు కూర్చున్న తీరును కూడా ముందే ఫోటో తీసి ఉంచండి. ఒక గాడి అటూ ఇటూ అయితే రంధ్రాల్లోంచి అంకెలు సగమే కనిపిస్తాయి.

ఇక్కడ ఆగండి. ప్లేటు, నంబర్ ప్లేటు ఊడాయి, యంత్రం ముందూ వెనకా కనిపిస్తోంది. నూటికి తొంభై డయళ్లకు ఇంతకుమించి విప్పాల్సిన పని ఉండదని నా అభిప్రాయం. స్ప్రింగు ఉన్న డబ్బా, పళ్ల చక్రాల మధ్య పలకలు, గవర్నర్ ఇరుసు ఇవన్నీ ఉన్నచోటే ఉండనివ్వండి. స్ప్రింగు విరిగిందని తేలితే తప్ప డబ్బా మూత తెరవొద్దు.

శుభ్రం చేయడంలో మొదటి పనిముట్టు బ్రష్షు, రెండోది గాలి. మెత్తటి పెయింటింగ్ బ్రష్షుతో దుమ్ము లేపి, కెమెరా షాపుల్లో దొరికే రబ్బరు బుడ్డితో ఊదండి. కంప్రెసర్ గాలి వద్దు, సన్నటి రేకులు వంగిపోతాయి. ఎండి జిగురైన పాత నూనెను లైటర్ ఫ్లూయిడ్‌లో తడిపిన దూది పుల్లతో ఇరుసుల దగ్గర, పళ్ల సందుల్లో ఓపికగా తీయాలి. కిటికీ తెరిచి, దగ్గర్లో సోల్డరింగ్ ఐరన్ వేడిగా లేకుండా చూసుకుని ఈ పని చేయండి. యంత్రాన్ని మొత్తంగా నీళ్లలోనో కిరోసిన్‌లోనో ముంచే అలవాటు కొందరికుంది. రేకుల మధ్య ఉండే ఇన్సులేషన్‌లోకి తడి దిగుతుంది, స్ప్రింగు లోపలి చుట్లు తుప్పు పడతాయి. పైకి మాత్రం తళతళలాడుతుంది, ఆరు నెలల తర్వాత తిరిగొస్తుంది.

తుప్పు వదిలించే స్ప్రే డబ్బాలు కూడా అంతే. కొట్టిన రోజు డయల్ బ్రహ్మాండంగా తిరుగుతుంది. ఆ పొర మీద దుమ్ము చేరి ముద్దయ్యాక వచ్చే జిగురు మొదటిదానికంటే మొండిది.

కాంటాక్టులకు గరుకు కాగితం ముట్టించకండి. వాటి కొనల మీది మంచి లోహం పొర చాలా పలచన. దళసరి తెల్లకాగితాన్ని, లేదంటే పాత విజిటింగ్ కార్డును సన్నటి పట్టీగా కత్తిరించి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కొస తడపండి. సెల్‌ఫోన్ రిపేరు సామాను అమ్మే షాపుల్లో ఐపీఏ అని అడిగితే ఇస్తారు. మూసుకుని ఉన్న కాంటాక్టుల మధ్య ఆ పట్టీని దూర్చి మెల్లగా లాగితే నల్లటి గీత వస్తుంది. గీత రాకుండా పోయేదాకా కొత్త పట్టీలతో అలాగే లాగి, చివరికి పొడి పట్టీతో ముగించండి. ఆఫ్-నార్మల్ జతను వేలితో తేలిగ్గా మూసి పట్టుకుని దానికీ ఇదే చేయాలి. రేకులను నోస్ ప్లయర్‌తో వంచాలనిపిస్తే ఆ ఆలోచన మానుకోండి. మురికి పోయాక పరీక్షించి, అప్పటికీ తేడా ఉంటేనే ఆ మాట.

నూనె విషయంలో ధారాళం పనికిరాదు. గడియారాల నూనెను సూది మొన మీద తీసుకుని గవర్నర్ ఇరుసు రెండు కొనలకూ, పెద్ద ఇరుసుకూ, పళ్ల చక్రాల ఇరుసులకూ తాకించండి. చుక్క కాదు, తడి మాత్రమే. గవర్నర్ గిన్నె లోపలికీ, కాంటాక్టులకూ నూనె అస్సలు పోకూడదు. గిన్నెలో నూనె ఉంటే బ్రేకు జారి డయల్ పరుగు తీస్తుంది. ముందే ఎవరో పోసి ఉంటే లైటర్ ఫ్లూయిడ్ పుల్లతో పొడిగా తుడవండి.

పైభాగాల దగ్గర పదార్థాన్ని గుర్తుపట్టడం ముఖ్యం. పారదర్శకమైన ప్లాస్టిక్ ప్లేటుకు ఆల్కహాల్ తగిలితే సన్నటి పగుళ్లు పాకే ప్రమాదముంది. గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల గిన్నెల సబ్బు, మెత్తటి గుడ్డ చాలు. రంగుతో అచ్చు వేసిన అంకెల మీద కూడా అంతే, ముందు ఒక మూల రుద్ది చూసుకోండి. గాజులాంటి పూత పోసిన పాత ఎనామిల్ నంబర్ ప్లేట్లు మాత్రం గట్టివి, కింద పడేస్తే తప్ప ఏమీ కావు. బేకలైట్ బాడీని నీళ్లలో నానబెట్టొద్దు, గరుకు కాగితంతో అరగదీయొద్దు. పాత బేకలైట్లలో కొన్నింట్లో ఆస్బెస్టాస్ కలిపేవాళ్లు, ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

బిగించే ముందు కొలవండి. 9 వోల్టుల బ్యాటరీ, 470 ఓమ్‌ల రెసిస్టర్, ఒక ఎల్ఈడీ తీసుకుని వాటిని పల్సు కాంటాక్టులతో వరుసగా కలపండి. డయల్ ఊరికే ఉన్నప్పుడు దీపం వెలుగుతూ ఉండాలి. వెలగకపోతే కాంటాక్టుల్లో ఇంకా మురికి ఉంది. సున్నా తిప్పి వదిలితే పదిసార్లు ఆరి వెలగాలి. కంటికి అది ఒక వణుకులా కనిపిస్తుంది కాబట్టి సెల్‌ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయండి. సెకనుకు 240 ఫ్రేములు పెట్టుకుంటే లెక్క సులువు: ఒక్కో పల్సుకు 24 ఫ్రేములు రావాలి, అందులో 16 దీపం ఆరినవి, 8 వెలిగినవి. 22 నుంచి 26 ఫ్రేముల మధ్య ఉంటే వేగం బాగున్నట్టే, సెకనుకు 9 నుంచి 11 పల్సుల లోపే పడుతుంది. మొదటి పల్సుకూ చివరి పల్సుకూ వేగం తేడా ఉందా అన్నదీ చూడండి. నెమ్మదిగా మొదలై పుంజుకుంటే ఇంకా ఎక్కడో జిగురుంది.

వేగం సరిపోయి 16, 8 లెక్క మాత్రం బాగా తప్పితే, అప్పుడు కాంటాక్టు రేకు వంపు సంగతి. ఇక్కడ అరమిల్లీమీటరు కూడా ఎక్కువే, ఒకసారి తాకి ఒకసారి వీడియో తీయాలి. శుభ్రం చేశాక కూడా వేగం తప్పితే గవర్నర్ బరువుల చేతులు సర్దాలి. అవి లోపలికి బిగుసుకుంటే డయల్ వేగం పెరుగుతుంది, బయటికి వదులైతే తగ్గుతుంది. నా సలహా, మొదటి పది డయళ్లలో దీని జోలికి పోకండి. హైదరాబాద్‌లో జుమ్మేరాత్ బజార్‌లోనో ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో బాడీ పగిలిన ఫోన్లు కనిపిస్తే కొనిపెట్టుకోండి. చెయ్యి తిరగడానికి అవి పనికొస్తాయి, అవసరపడితే విడిభాగాలూ దొరుకుతాయి.

చివరికి కస్టమర్‌తో మాట. రాగి తీగ లైన్లు పోయి ఫైబర్ వచ్చిన ఇళ్లలో ఫోను తగిలించేది గోడకున్న మోడెం పెట్టెకు. వాటిలో చాలావరకు బటన్ ఫోన్ల టోన్లు తప్ప పల్సులు తెలియవు. ఫోన్ మోగుతుంది, మాట వినిపిస్తుంది, డయల్ చేస్తే మాత్రం కలవదు. అందుకే క్రేడిల్ తట్టే పరీక్షను వాళ్లింటి లైను మీద వాళ్లచేతనే ముందు చేయించండి, లేదా పల్సును టోన్‌గా మార్చే చిన్న కన్వర్టర్ కావాల్సి వస్తుందని మొదటి రోజే చెప్పండి. పని మొత్తం అయ్యాక ఈ మాట చెబితే మీరు డయల్ చెడగొట్టి సాకు చెబుతున్నారనుకుంటారు.

రసీదు మీద ఫోను తెచ్చినప్పుడున్న పగుళ్లు, గీతలు, లేని భాగాలు రాసి సంతకం తీసుకోండి, ఫోటో వాట్సాప్‌లో పంపండి. చూసినందుకు రుసుము వేరు, శుభ్రం చేసినందుకు వేరు, విడిభాగాలకు వేరు అని మూడు వరుసల్లో రాస్తే బేరం తక్కువగా ఉంటుంది. "లైను పల్సుకు పలుకుతుంది" లేదా "పలకదు" అన్నది నాలుగో వరుసలో రాయండి. మార్చిన పాత ముక్కలు కవర్లో వేసి తిరిగివ్వండి. స్లో మోషన్ వీడియో కూడా పంపండి. ఫోను చేతికిచ్చేటప్పుడు ఒక జాగ్రత్త చెప్పాలి: డయల్ దానంతటది వెనక్కి రావాలి, తొందరపడి వేలితో వెనక్కి నెట్టకూడదు. అలా నెడితే పల్సుల వేగం చెడి నంబరు తప్పుతుంది, గవర్నర్ పళ్లూ అరుగుతాయి. ఇంట్లో పిల్లలుంటే ఈ ముక్క వాళ్లకే చెప్పి వెళ్లమనండి.